ఎడారి పచ్చబడింది సరే, మురుగు కాలువ షాట్ ఏదీ?

రీలుపెట్టె:
రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా రెక్లమేషన్ బ్యూరో (డ్యాములు, కాలువలు కట్టే ప్రభుత్వ సంస్థ) తీయించిన డ్యాముల లఘుచిత్రాలను, పొలాలు చౌడుబారడం చూపలేదంటూ ఇక్కడ అందరూ "ప్రచారం" అని కొట్టిపారేస్తున్నారు. 16 ఎం.ఎం. 400 అడుగుల రీలు నడిచేది 11 నిమిషాలు. డ్యాము, కాలువ, పంట చూపేసరికే అయిపోతుంది. చౌడు గొడవ తర్వాతెప్పుడో బయటపడింది, దానికి కెమెరాను తిడితే ఎలా?

ఆయకట్టు:
తర్వాత కాదండీ. కాలిఫోర్నియా ఇంపీరియల్ లోయలో పొలాల అడుగున మురుగు గొట్టాలు (మట్టిలో మిగిలిన ఉప్పునీటిని బయటికి తీసేవి) వేయడం 1920ల చివర్లోనే మొదలైంది. లీటరుకు 700 మి.గ్రా. ఉప్పున్న కొలరాడో నది నీటిని ఏడాదికి ఎకరాకు 4 అడుగులు పెడితే, దాదాపు మూడున్నర టన్నుల ఉప్పు పొలంలోకి చేరుతుంది. మొక్క నీళ్లు తాగి ఉప్పు వదిలేస్తుంది. దాన్ని వేళ్ల కిందికి కడగాలంటే అదనపు నీరు కావాలి. ఉప్పదనాన్ని ఈసీ (విద్యుత్ వాహకత)తో కొలుస్తారు. నీటి ఈసీ 1.1, లూసర్న్ అనే పశుగ్రాసం తట్టుకునే మట్టి ఈసీ 2 అయితే, 1.1ని (5×2 − 1.1)తో భాగించండి: పెట్టే నీటిలో 12 శాతం కిందికి దిగిపోవాలి. 1.3 దాటితేనే దిగుబడి తగ్గే లెట్యూస్ ఆకుకూరకు 20. ఆ నీటికి దారి లేకపోతే ఊట (నేల అడుగు నీటిమట్టం) పైకెక్కి, తడి ఆరినచోటల్లా తెల్లగా పొర కడుతుంది.

కొత్తసభ్యుడు:
జిప్సం చల్లితే పోదా?

ఆయకట్టు:
జిప్సం కారుచౌడుకు, అంటే సోడియం పట్టిన నేలకు. ఇది పాలచౌడు, మామూలు ఉప్పు పేరుకున్నది, కడగడమే మందు.

రీలుపెట్టె:
ఇంపీరియల్‌లో ఈనాటికీ పంట పండుతోందిగా. చిత్రం అబద్ధం చెప్పలేదన్నట్టే.

ఆయకట్టు:
అక్కడ మురుగు పడటానికి పల్లంలో సాల్టన్ సీ అనే ఉప్పునీటి సరస్సు ఉంది. అరిజోనాలోని వెల్టన్-మోహాక్‌కు ఆ అదృష్టం లేదు. 1952లో కాలువ నీరొచ్చింది, ఊట లేచింది. 1961లో బోర్లు వేసి, లీటరుకు 6,000 మి.గ్రా. దాకా ఉప్పున్న నీటిని తోడి నదిలోకి వదిలారు. దిగువన మెక్సికోకు చేరే నీటిలో ఉప్పు 800 దగ్గర్నుంచి మరుసటి ఏడాది సగటున 1,500కు పోయింది, మెక్సికలి పొలాలు దెబ్బతిన్నాయి. ఆ ఉప్పు తగ్గించాలని 1973లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. దానికోసం యూమాలో కట్టిన ఉప్పు తీసే ప్లాంటు 1992లో పూర్తయి, ఏడాది తిరక్కుండానే ఆగింది. 11 నిమిషాల్లో మురుగు కాలువకు 10 సెకన్లు దొరకవా?

రీలుపెట్టె:
10 సెకన్లు దొరుకుతాయి, ఒప్పుకుంటా. కానీ ఉప్పు ఫ్రేములోనే ఉందేమో, మీరు చూడలేదేమో. ఈసారి లెట్యూస్ బోదెల షాట్ వస్తే ఆపండి. రెండు వైపులా నీరు పారితే ఉప్పు బోదె నడినెత్తికి చేరుతుంది. అందుకే విత్తనం మధ్యలో కాకుండా రెండు అంచుల్లో వేస్తారు.

ఆయకట్టు:
చూశాను. వ్యాఖ్యానంలో దాని ఊసే లేదు, నా గొడవంతా అదే.