నాన్నతో గ్రాండ్ కేన్యన్ అడుగుకి మూడు రోజుల నడక: తీసుకెళ్ళాలా, వద్దా?

ఫీనిక్స్_చిన్నోడు:
అందరికీ నమస్తే. ఎట్టకేలకు లాటరీలో లోయ కింద పడుకునే పర్మిట్ తగిలింది. నలుగురికి, మే ఆఖరి వారం, రెండు రాత్రులు. మొదటి రోజు సౌత్ కైబాబ్ దారిలో దిగి నది పక్కన బ్రైట్ ఏంజెల్ క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకుంటాం. రెండో రోజు బ్రైట్ ఏంజెల్ దారిలో సగం ఎక్కి హవసుపాయ్ గార్డెన్స్‌లో మకాం. మూడో రోజు చీకటితోనే లేచి మిగిలిన నాలుగున్నర మైళ్ళు ఎక్కేస్తాం. నేను, మా ఆవిడ, బావ, నాన్న. నాన్నకి 63, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్తారు. అమ్మ, అక్క పైన లాడ్జిలో ఉంటారు. బావకి ఇదంతా ఇష్టం లేదు, అదే వారంలో యూటా ఐదు పార్కులూ కారులో చుట్టేద్దాం అంటున్నాడు. మీరేమంటారు?

రెంటచింతల_ఎండ:
తీసుకెళ్ళు తమ్ముడూ, ఇంకేం అడగకు. కేన్యన్ అడుగున మే నెల సగటు పగటి వేడి 92 ఫారెన్‌హీట్ అట. అంటే 33 డిగ్రీలు. మా రెంటచింతలలో 33 ఉంటే జనం దుప్పటి కప్పుకుంటారు. 63 ఏళ్ళు ఒక వయసా?

కారుచక్రం:
మీ బావ చెప్పిందే రైటు. జయన్, బ్రైస్, కేపిటల్ రీఫ్, ఆర్చెస్, కేన్యన్‌ల్యాండ్స్. ఐదూ మేం ఆరు రోజుల్లో చూశాం. ఏసీ ఉంది, మోటల్ ఉంది, పెద్దవాళ్ళకి బాత్రూమ్ ఉంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వేసవిలో ఆరిజోనా కన్నా యూటా గడియారం గంట ముందుంటుంది. మేం దానివల్లే ఒక టూర్ మిస్సయ్యాం.

ఒక్కముక్క:
ఆరు రోజుల్లో ఐదు పార్కులంటే చూసింది రోడ్డే.

కైబాబ్_అక్క:
నేను ఆ దారిలో ఆరుసార్లు దిగాను. మే ఆఖర్లో 63 ఏళ్ళ మనిషితో మాత్రం దిగను. కారణం చెప్తాను, ఓపిగ్గా చదవండి.

అలిపిరితో దీన్ని పోల్చకండి. కొండకి వెళ్ళేటప్పుడు ఒంట్లో ఓపికుండగా ఎక్కుతాం. అలసిపోతే కూర్చోవడానికి దారిపొడవునా నీడ, మజ్జిగ, సోడా. పైకి చేరాక గది, తిరుగుదారికి బస్సు. ఇక్కడంతా తలకిందులు. ఓపికుండగా దిగుతాం, అది అయిపోయాక ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లయినా ఎక్కేది సుమారు 700 మీటర్ల ఎత్తు. నది నుంచి బ్రైట్ ఏంజెల్ దారిలో పైకి 1,300 మీటర్ల పైమాటే. సౌత్ కైబాబ్‌లో అయితే ఏడు మైళ్ళ దిగుడు, ఎక్కడా చుక్క నీరుండదు. గట్టు మీద నడక కాబట్టి నీడా అంతంతే.

ఇక ఆ 33 డిగ్రీలు. అది సగటు, అదీ నీడలో కొలిచింది. మే ఆఖర్లో 100 ఫారెన్‌హీట్ దాటే రోజులు మామూలే. అక్కడి గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది కాబట్టి ఒంట్లో నీళ్ళు పోతున్నాయని మనిషికి తెలీదు.

రెంటచింతల_ఎండ:
అక్కా, రెంటచింతల సముద్రం ఒడ్డున లేదు. మాదీ పొడి ఎండే. బండల వేడి గురించి పల్నాడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, నాపరాయి క్వారీలు చూస్తూ పెరిగాం. 45లో రాయి కొట్టే మనుషుల్ని చూశాను.

కైబాబ్_అక్క:
ఆ మనుషులు మధ్యాహ్నం పన్నెండింటికి ఏం చేసేవాళ్ళు?

రెంటచింతల_ఎండ:
భోంచేసి చెట్టు కింద పడుకునేవాళ్ళు. అయితే?

కైబాబ్_అక్క:
అయితే అదే! పార్కు వాళ్ళు చెప్పేదీ అదే, వేసవిలో పది నుంచి నాలుగు దాకా నడవొద్దని. తేడా ఒక్కటే, కైబాబ్ దారిలో పడుకోవడానికి ఆ చెట్టు లేదు.

పెన్నాతీరం:
అసలు మాట అందరూ వదిలేశారు. వరద. 1997 ఆగస్టులో యాంటిలోప్ కేన్యన్‌లో 11 మంది పోయారు. వాన పడింది ఎక్కడో మైళ్ళ దూరంలో. 2015 సెప్టెంబరులో జయన్‌లోని కీహోల్ కేన్యన్‌లో ఏడుగురు. నెత్తిన నీలాకాశం, కాళ్ళ కింద వరద. తాళ్ళు, నీళ్ళ సీసాలు తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఫీనిక్స్_చిన్నోడు:
సార్, అవి రెండూ చేతులు చాపితే గోడలు తగిలే స్లాట్ కేన్యన్‌లు. వానాకాలంలో జరిగాయి. మాది మే, దారి వెడల్పుగా గట్టు మీద ఉంటుంది.

పెన్నాతీరం:
వరద పంచాంగం చూసి రాదు బాబూ. అయినా ఎర్రటి లోయే చూడాలంటే మా గండికోటకి రండి. మీ నాన్నగారికి జమ్మలమడుగు నుంచి ఆటో దొరుకుతుంది.

ఒక్కముక్క:
గండికోటకి పర్మిట్ లాటరీ కూడా లేదు.

ఉప్పుకారం:
తిండి సంగతి ఎవరూ అడగలేదు. పులిహోర పట్టుకెళ్ళండి. ఉప్పు, పులుపు, నూనె అన్నీ ఉన్నాయి. మా తాతలు కాశీకి దాంతోనే వెళ్ళారు.

కైబాబ్_అక్క:
మొదటి రోజు మధ్యాహ్నానికి సరే. రెండో రోజుకి ఆ వేడిలో వద్దు. అన్నమంటే సగానికి పైగా నీళ్ళే, ఆ బరువు ఏడు మైళ్ళు మోయాలి. గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళొచ్చు, మంట వెయ్యనివ్వరు. ఉప్మా రవ్వ వేయించి పోపు కలిపి పెట్టుకోండి, వేడినీళ్ళు పోస్తే చాలు. వేరుశనగలు, ఊరగాయ ముక్క, ఓఆర్‌ఎస్ పొట్లాలు. తినేవన్నీ క్యాంపులో ఇచ్చే ఇనప డబ్బాల్లో పెట్టాలి, లేకపోతే ఉడతలు సంచి కొరికి లోపలికి దూరతాయి. నవ్వకండి, అక్కడ జనాన్ని కరిచేవి పాములకన్నా అవే.

ఉప్పుకారం:
చింతపండు వేసిన పులిహోర మూడు రోజులు ఉంటుంది. నేను గ్యారంటీ.

మందులషాపు:
ఉప్పు విషయం, కైబాబ్ అక్క ఓఆర్‌ఎస్ అని చెప్పింది అందరూ దాటేశారు, అందుకే మళ్ళీ చెప్తున్నా. ఎండలో దప్పికతోనే కాదు, ఉప్పు లేకుండా లీటర్ల కొద్దీ నీళ్ళు తాగీ పడిపోతారు. రక్తంలో సోడియం తగ్గుతుంది. వికారం, తలనొప్పి, మాట తడబడటం. పక్కవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు. చిన్నోడు గారూ, నాన్నగారు ఏమైనా మాత్రలు వాడతారా?

ఫీనిక్స్_చిన్నోడు:
బీపీకి ఒకటి వేసుకుంటారండీ. పదేళ్ళుగా కంట్రోల్‌లోనే ఉంది.

మందులషాపు:
ఏ మాత్ర? కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంటుంది. ఒంట్లో నీళ్ళూ ఉప్పూ రెండూ తీసేస్తుంది. పట్టీ మీద పేరు చూసి, రాసిచ్చిన డాక్టర్ని అడగండి. సొంతంగా మానెయ్యకండి, అది ఇంకో ప్రమాదం.

ఫీనిక్స్_చిన్నోడు:
చూశాను. అందులో అదుంది.

కైబాబ్_అక్క:
ఈ ముక్క మొదటి పోస్టులో ఎందుకు లేదు? వయసు రాశారు, మెట్లు రాశారు, మాస్టారని కూడా రాశారు!

రెంటచింతల_ఎండ:
బీపీ మాత్ర వేసుకోని 63 ఏళ్ళ మనిషిని ఒక్కర్ని చూపించండి. ఊరికే అబ్బాయిని బెదరగొడుతున్నారు. మీకు ఒక మాట చెప్తాను. మా నాన్న 2014లో న్యూజెర్సీ వచ్చారు. నయాగరాలో పడవెక్కుతానన్నారు. మోకాళ్ళు, జారతారు, తడుస్తారు, ఇన్సూరెన్స్ అని మేం ముగ్గురం అన్నదమ్ములం కలిసి ఆపేశాం. ఆరు నెలలు సోఫాలో కూర్చుని మంచు చూసి, తెలుగు చానెల్ చూసి వెళ్ళిపోయారు. మరుసటేడు పోయారు. జాగ్రత్త పేరు చెప్పి మనం తల్లిదండ్రుల్ని సామాను చేశాం. విమానాశ్రయంలో దించుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం, మళ్ళీ ఎక్కించడం. నడవగలిగిన మనిషిని నడవనివ్వండి.

కారుచక్రం:
ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. విజిటర్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులకి పరిమితులుంటాయి. బీపీ పాత జబ్బే. చదువుకోండి.

కైబాబ్_అక్క:
మీ నాన్నగారి గురించి విచారంగా ఉంది. కానీ ఆ బాధ మీది. దాన్ని తీర్చుకోవడానికి ఇంకొకరి నాన్నని కేన్యన్‌లోకి దించకండి.

రెంటచింతల_ఎండ:
మాటలు జాగ్రత్తగా రానివ్వండి మేడం. ఆరుసార్లు దిగానని ఆరుసార్లు చెప్పారు. మీకు సరదా, వేరేవాళ్ళకి ప్రమాదమా? మీకు కావలసింది దారి ఖాళీగా ఉండటం. మనవాళ్ళు గుంపుగా వస్తే మీ ఫోటో పాడవుతుంది!

నడకదారి (నిర్వాహకుడు):
ఇద్దరూ ఆగండి. ఫోటోల గురించిన వాక్యం అనవసరం. ఇంకోటి, ఎవరో ప్రైవేటుగా అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తున్నా: లోయ ఈ వైపు నుంచి ఆ వైపుకి దాటి ఉత్తరపు అంచున ఉండే నార్త్ రిమ్ లాడ్జిలో ఉందామని ఎవరైనా ప్లాన్ వేసుకుంటే మార్చుకోండి. 2025 జూలైలో డ్రాగన్ బ్రావో మంటల్లో ఆ లాడ్జి కాలిపోయింది. 1960ల నాటి నీళ్ళ పైపు మార్చే పనుల వల్ల కింది దారులు కూడా మూస్తూ తెరుస్తూ ఉన్నారు. బయల్దేరే ముందు పార్కు నోటీసు చూడాల్సిందే. పైపు పగిలిన రోజున హవసుపాయ్ గార్డెన్స్‌లో కుళాయి తిప్పినా నీళ్ళు రావు.

కైబాబ్_అక్క:
ఫోటోల మాటకి జవాబివ్వను. ఇంకోటి చెప్తాను, ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

నాలుగో ట్రిప్పులో మామగారు మాతో వచ్చారు. 60 ఏళ్ళు, పొలం పని చేసిన ఒళ్ళు. అప్పుడు మే కూడా కాదు, ఏప్రిల్. ఎక్కేటప్పుడు గార్డెన్స్ దాటాక నెమ్మదించారు. నేను వెనకే నడుస్తున్నాను, కాలు వంకరగా పడటం చూశాను. ‘ఆగుదామా మామయ్యా’ అంటే ‘ఏం కాదమ్మా, పద’ అన్నారు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే మాట. కోడలి ముందు కూర్చోవడం ఆయనకి నామోషీ. మా ఆయనకి చెప్తే ‘నాన్నకి నేనేం చెప్తాను’ అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఆయన మాటకి ఎదురు చెప్పని మనిషి. చివరికి మూడు మైళ్ళ రెస్ట్‌హౌస్ దగ్గర కంచర గాడిదల వరస వచ్చింది. వాటికి దారివ్వడానికి కొండ వైపు నిలబడ్డాం. నిలబడినవారు నిలబడినట్టే జారిపోయారు. అటు వైపు నిలబడి ఉంటే? బతికారు, రేంజర్లు ఆరు గంటలు కూర్చోబెట్టి సాయంత్రం నడిపించారు. ఆ రోజు నుంచి ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను చూశానని.

నా గొడవ ఎండతో కాదు. 33 అయినా 43 అయినా ‘ఇక వెనక్కి తిరుగుదాం’ అనే మాట ఆ నలుగురిలో ఎవరంటారు? నాన్న అనరు. కొడుకు అనలేడు. కోడలు అంటే ఎవరూ వినరు. తెల్లవాళ్ళ గుంపులో ఒకడు కాలు నొప్పంటే అక్కడే కూర్చుంటాడు, వాడికి సిగ్గుండదు. మనకి ఉంది. బీపీ మాత్రకన్నా నాకు దాంతోనే టెన్షన్.

ఒక్కముక్క:
ఇది మొదటే రాసుంటే ఉడతల దాకా వెళ్ళేవాళ్ళం కాదు.

పెన్నాతీరం:
వరద కన్నా ఇది పెద్దదే. ఒప్పుకుంటున్నా.

రెంటచింతల_ఎండ:
ఫోటోల మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా. తప్పే. కానీ నా మాట కూడా ఒకటుంది. మా నాన్నని ఆపినప్పుడు ఆయన్ని ఎవరం అడగలేదు. మాలో మేం మాట్లాడుకుని తేల్చేశాం. ఇక్కడా ఇంతసేపూ అదే జరుగుతోంది. చిన్నోడూ, అసలు మీ నాన్నకి ఈ సంగతి తెలుసా?

ఫీనిక్స్_చిన్నోడు:
(రెండు రోజుల తర్వాత)
తెలీదన్నా. సర్‌ప్రైజ్ అనుకున్నాను. నిన్న ఫోన్ చేసి చెప్పి, ఈ చర్చ లింకు కూడా పంపాను. రాత్రంతా కూర్చుని మొత్తం చదివారట. పొద్దున్నే ఫోన్ చేసి లెక్కలు మొదలుపెట్టారు. దిగుడు 4,800 అడుగులయితే గంటకెంత, నీళ్ళు లీటరు ఒక కిలో అయితే వీపు మీద ఎంత, అని. తర్వాత ‘మీ అమ్మ లేకుండా నేనెక్కడికీ దిగను’ అన్నారు. అది నిజమో, తప్పించుకోవడానికో నాకు తెలీదు. మొత్తానికి తేలింది ఇది: పర్మిట్ మీద నేను, మా ఆవిడ, బావ వెళ్తాం. అంతకుముందు రోజు పొద్దున ఐదింటికి నాన్నా అమ్మా మాతోపాటు సౌత్ కైబాబ్ దారిలో సీడర్ రిడ్జ్ దాకా, మైలున్నర. 1,100 అడుగుల దిగుడు. తిరుగుదాం అనే మాట అమ్మ చెప్తుందట, ఆవిడ మాట ఆయన వింటారని ఇద్దరూ ఒప్పుకున్నారు. మాత్ర గురించి డాక్టర్ని కలుస్తున్నారు.

ఇంకో మాట చెప్పమన్నారు. ‘ఆ రెంటచింతల ఆయనెవరో అచ్చం నాలాగే మాట్లాడుతున్నాడు, ఆయన సలహా వినకు’ అని.

రెంటచింతల_ఎండ:
మాస్టారికి నమస్కారాలు. సీడర్ రిడ్జ్‌లో నీళ్ళుండవు, తలా రెండు లీటర్లు మోయండి. ఇది అక్క చెప్పిందే.

కైబాబ్_అక్క:
అమ్మగారికి చేతికర్ర కొనండి. ఆ మైలున్నరలో దిగేటప్పుడు మోకాళ్ళకి అదే ఆధారం.

కారుచక్రం:
మరి బావకి యూటా ఎప్పుడు?

ఉప్పుకారం:
సీడర్ రిడ్జ్ వరకే అయితే పులిహోర నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు.