కోర్టులకీ జైళ్లకీ కోత పెడితే నిజంగా డబ్బు మిగులుతుందా?

సగటు_పన్నుదారు:
ఖజానా ఖాళీ అయినప్పుడు ఏ ప్రభుత్వమైనా ఎక్కడో ఒకచోట కోత పెట్టాల్సిందే. బడి, ఆసుపత్రి, పింఛను జోలికి వెళ్తే జనం ఊరుకోరు. అలాంటప్పుడు పోలీసులు, కోర్టులు, జైళ్ల ఖర్చులో పదో పదిహేనో శాతం తగ్గిస్తే కొంపలేం మునిగిపోతాయి? నా వాదన సూటిగా చెప్తాను. ఈ శాఖల్లో దుబారా బోలెడు. ఒక కేసు ఏళ్ల తరబడి సాగేది డబ్బు లేక కాదు, వాయిదాలు అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఉన్నారు కాబట్టి. డబ్బు పోసినకొద్దీ పని పెరుగుతుందే తప్ప తగ్గదు. కాదనేవాళ్లు లెక్కలతో రండి. "న్యాయానికి వెల కట్టలేం" లాంటి డైలాగులు మాత్రం దయచేసి వద్దు.

నల్లకోటు:
డైలాగులు వద్దన్నారు కాబట్టి ఇంగ్లండ్ సంగతి చెప్తా. మీరు అడిగిన ప్రయోగాన్ని వాళ్లు 2010 నుంచి నిజంగానే చేసి చూశారు. (ఇంగ్లండ్‌కీ వేల్స్‌కీ న్యాయవ్యవస్థ ఒకటే, రాయడం తేలికని ఇంగ్లండ్ అంటున్నా.) న్యాయ సహాయానికి, అంటే స్తోమత లేని ముద్దాయి కోసం ప్రభుత్వం ఇచ్చే లాయరు ఫీజుకి, కత్తెర పడింది. మెజిస్ట్రేటు కోర్టుల్లో సగానికి పైగా మూసేశారు, ఆ భవనాలు చాలావరకు అమ్మేశారు. ప్రభుత్వ ఫోరెన్సిక్ సంస్థ నెలకి 20 లక్షల పౌండ్లు నష్టపోతోందని చెప్పి 2012లో దానికీ తాళం వేశారు. పరీక్షలన్నీ ప్రైవేటు ల్యాబులకీ, పోలీసుల సొంత ల్యాబులకీ పోయాయి. తర్వాత 2017లో మాంచెస్టర్‌లోని ఒక ప్రైవేటు ల్యాబులో ఫలితాలు తారుమారయ్యాయన్న వ్యవహారం బయటపడి, పదివేలకు పైగా శాంపిళ్లని అనుమానంగా చూడాల్సి వచ్చింది. వాటిని మళ్లీ పరీక్షించాలి, శిక్షలు పడిన కేసుల్ని తిరగదోడాలి. ఆ ఖర్చు ఏ పద్దులో రాస్తారు చెప్పండి? 2012లో మిగిలిందని చూపించిన దాంట్లోంచి తీసేస్తారా?

ఇక కోర్టు రోజులు. పెద్ద నేరాలు విచారించే క్రౌన్ కోర్టులు ఏడాదికి మొత్తం ఎన్ని రోజులు కూర్చోవాలో అక్కడ ప్రభుత్వమే డబ్బు చూసుకుని నిర్ణయిస్తుంది. 2019లో ఆ రోజులు తగ్గించారు. జడ్జి ఉన్నాడు, గది ఉంది, ముద్దాయి ఎదురుచూస్తున్నాడు, కానీ ఆ రోజుకి డబ్బు మంజూరు కాలేదు కాబట్టి గదికి తాళం. ఆ ఏడాది మార్చిలో 33 వేల దగ్గరున్న పెండింగు డిసెంబరు నాటికి 38 వేల దాకా వెళ్లింది. అప్పటికి కరోనా ఇంకా రాలేదని గుర్తుపెట్టుకోండి. 2025లో అది 75 వేలు దాటింది.

సగటు_పన్నుదారు:
ఆ 75 వేలలో కరోనా వాటా ఎంతో కూడా చెప్పాలి కదండీ. పైగా లాయర్లు సమ్మె చేశారుగా, దాని సంగతేంటి? అన్నీ కోత ఖాతాలో వేసేస్తే ఎలా?

నల్లకోటు:
కరోనా వాటా పెద్దదే, నేను కాదనలేదు. కానీ అప్పటికే ఊపిరాడని వ్యవస్థ మీద వచ్చి పడింది. సమ్మె మాత్రం మీ వైపు వాదన కాదు. 2022 సెప్టెంబరులో క్రిమినల్ కేసులు వాదించే బారిస్టర్లు నిరవధిక సమ్మెకి దిగింది న్యాయ సహాయం ఫీజుల గురించే. అంతకుముందే ప్రభుత్వం వేసుకున్న సమీక్ష ఫీజులు కనీసం 15 శాతం పెంచమని 2021లో చెప్పింది. పెంపు మీద ఒప్పందం కుదిరాక అక్టోబరులో కోర్టులకి వచ్చారు. అయితే కుర్ర లాయర్లు చాలామంది అప్పటికే సివిల్, కమర్షియల్ పనికి మళ్లిపోయారు. ఆ తర్వాత జడ్జి, జ్యూరీ, సాక్షి అందరూ సిద్ధంగా ఉన్నా వాదించే మనిషి దొరక్క విచారణ వాయిదా పడడం అక్కడ మామూలైపోయింది. వాయిదాలంటే మీకు కోపం కదా, ఇదిగో ఇవి డబ్బు లేక పడిన వాయిదాలే.

రాత్రిపక్షి:
పోలీసుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2010 తర్వాత ఎనిమిదేళ్లలో అక్కడ దాదాపు 20 వేల మంది పోలీసు ఆఫీసర్లు తగ్గారు. 2019లో మళ్లీ అదే 20 వేల మందిని తీసుకుంటామని ప్రకటించి, 2023కి ఆ అంకె పూర్తి చేశారు. అంకె సరిపోయింది కానీ వెళ్లిపోయినవాళ్ల అనుభవం తిరిగి రాలేదు. ఏ వాంగ్మూలం క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడుతుందో, ఏది పడిపోతుందో, ఫోన్ డేటాలో ముద్దాయికి అనుకూలంగా ఉన్నదాన్ని కూడా డిఫెన్సుకి ఎందుకివ్వాలో పుస్తకం చదివితే రాదు, పదిహేనేళ్లు ఫైళ్లు మోసినవాడి పక్కన కూర్చుంటే వస్తుంది. ఆ మోసినవాళ్లే ముందు వెళ్లిపోయారు.

ఇంకో తమాషా ఏంటంటే పోలీసుల్ని పెంచుతామంటే ఓట్లు వస్తాయి, కోర్టు గుమాస్తాల్ని పెంచుతామంటే ఎవరూ చప్పట్లు కొట్టరు. అందుకని పైన కుళాయి పూర్తిగా తిప్పి కింద గొట్టం సన్నగానే వదిలేస్తారు. అరెస్టులు, ఛార్జిషీట్లు పెరుగుతాయి, తీర్పులు మాత్రం పెరగవు.

వాయిదా_వీరుడు:
నా పేరు చూసి నవ్వకండి, నేను కక్షిదారుని, లాయరుని కాదు 😄

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి ఎదురు పాట ఒకటి. టెక్సస్, 2007. ఐదేళ్లలో ఇంకో 17 వేల జైలు పడకలు కావాలి, 200 కోట్ల డాలర్లవుతుంది అని అంచనా వచ్చింది. కఠిన శిక్షలకి పేరుమోసిన రాష్ట్రం అది, అయినా అంత డబ్బు పెట్టలేమన్నారు. బదులుగా 24 కోట్ల డాలర్ల పైచిలుకు మత్తు చికిత్సకీ, ప్రొబేషన్‌కీ (అంటే జైలు బదులు బయటే నిఘాలో ఉంచడం), ఆ రెండిటికీ మధ్యస్థంగా ఉండే కేంద్రాలకీ పెట్టారు. అనుకున్నంత జైలు జనాభా పెరగలేదు, 2011లో ఉన్న జైలే ఒకటి మూసేశారు. డబ్బు ధారాళంగా ఉండి ఉంటే? నిస్సందేహంగా జైళ్లే కట్టేవాళ్లు. 2008 మాంద్యం తర్వాత ఇంకొన్ని అమెరికన్ రాష్ట్రాలు కూడా ఇదే దారి పట్టాయి. చేతిలో డబ్బు లేకపోతేనే ప్రభుత్వానికి ఆలోచన పుడుతుంది, లేకపోతే అలవాటు కొద్దీ పోతుంది. కాబట్టి కోత అనగానే గుండెలు బాదుకోనక్కర్లేదు.

నల్లకోటు:
టెక్సస్ మంచి ఉదాహరణే, కానీ అది కోతకి ఉదాహరణ ఎలా అయింది బ్రదర్? 24 కోట్లు ముందు జేబులోంచి తీసి పెట్టారు. జైలు మూసింది నాలుగేళ్ల తర్వాత. ముందు జైలుకి పంపాల్సినవాళ్లని తగ్గించారు, తర్వాత జైలు తగ్గింది. నేను మాట్లాడుతున్నది దీనికి తలకిందులుగా ఉన్నది. శిక్షలు పెంచుకుంటూ పోయి, ఆ శిక్షలు అమలు చేసే చోట డబ్బు తగ్గించడం.

అది చూడాలంటే కాలిఫోర్నియా. జైళ్లలో పట్టేదానికి దాదాపు రెట్టింపు మంది, లోపల వైద్యం సరిగా లేదు. చివరికి 2011లో అమెరికా సుప్రీంకోర్టు, జనాన్ని జైళ్ల సామర్థ్యంలో 137.5 శాతానికి దించాలన్న ఆదేశాన్ని సమర్థించింది. సామర్థ్యానికి మించి ఉండడమే కోర్టు ఒప్పుకున్న లక్ష్యం అంటే పరిస్థితి ఊహించుకోండి. ఇంగ్లండ్‌లో 2024 సెప్టెంబరులో జైళ్లు నిండిపోయి, సగం శిక్ష అయ్యాక వదలాల్సినవాళ్లలో చాలామందిని 40 శాతానికే వదిలారు. మొదటిరోజే సుమారు 1,700 మంది. బయటికొచ్చినవాళ్లని కనిపెట్టుకుని ఉండాల్సింది ప్రొబేషన్ శాఖ. 2014లో ఆ శాఖని ముక్కలు చేసి పెద్ద భాగం ప్రైవేటుకిచ్చారు, కుదరక 2021లో వెనక్కి తీసుకున్నారు. ఆ తేరుకోని శాఖ నెత్తిమీదే ఈ బరువు కూడా.

లెక్కల_మాస్టారు:
పన్నుదారు గారు లెక్కలడిగారు కాబట్టి నాకు తోచినది చెప్తా. ఇక్కడ చిక్కు మొత్తం ఎవరి పద్దులో పడుతుంది అన్నదే. న్యాయ సహాయం ఒక పద్దు, కోర్టు ఒక పద్దు, జైలు ఇంకో పద్దు, చాలా దేశాల్లో పోలీసులది మరో మంత్రిత్వ శాఖ. లాయరు ఫీజు తగ్గించిన అధికారి తన కాగితం మీద మిగులు చూపిస్తాడు, శభాష్ అనిపించుకుంటాడు. లాయరు లేని ముద్దాయి ఏ కాగితం ఎప్పుడివ్వాలో తెలియక నాలుగు సార్లు కోర్టుకొస్తాడు, ఆ నాలుగు రోజులు కోర్టు పద్దు. బెయిల్ సరిగా అడిగేవాడు లేక రిమాండులోనే ఉంటాడు, ఆ తిండీ కాపలా జైలు పద్దు. లోపల ఉన్నన్నాళ్లలో ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, అది సంక్షేమ శాఖ పద్దు. చివరికి నిర్దోషి అని తేలితే? అది ఆ మనిషి సొంత పద్దు, ప్రభుత్వ లెక్కల్లో ఎక్కడా కనపడదు. మిగులు ఒకచోట, ఖర్చు నాలుగుచోట్ల. ఆ నాలుగింటినీ కలిపి కూడేవాడు ఏ సచివాలయంలోనూ ఉండడు.

ఒక్కోసారి ఖర్చు అదే పద్దులోకి తిరిగొస్తుంది కూడా. అమెరికాలో 2013లో కేంద్ర ఖర్చుల మీద మూకుమ్మడి కోత పడినప్పుడు ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్లని, అంటే పేద ముద్దాయిల కోసం ప్రభుత్వం జీతమిచ్చి పెట్టే లాయర్లని, జీతం లేని సెలవు మీద పంపారు. అలాగని ముద్దాయికి లాయరు లేకుండా కుదరదు, 1963లో గిడియన్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు రాష్ట్రాలకి కూడా ఆ బాధ్యత ఖాయం చేసింది. దాంతో కేసులు గంటల లెక్కన డబ్బు తీసుకునే ప్రైవేటు లాయర్లకి పోతాయి, వాళ్లకి చెల్లించేదీ న్యాయవ్యవస్థ నిధుల్లోంచే.

మిస్సోరీలో ఇంకా విచిత్రం. 2016లో ఆ రాష్ట్ర పబ్లిక్ డిఫెండర్ల అధిపతి, మా కార్యాలయానికి నిధులు ఆపేశారు కాబట్టి ఈ పేద ముద్దాయి తరఫున మీరే వాదించండి అని లాయరు కూడా అయిన గవర్నర్ జే నిక్సన్‌నే ఒక కేసులో నియమించాడు! కోర్టు ఆ అధికారం నీకు లేదని కొట్టేసింది, అది వేరే సంగతి. కానీ కోపం అర్థమవుతుంది.

రాత్రిపక్షి:
మాస్టారూ, ఆ మిస్సోరీలోనే ఉన్న ఫెర్గూసన్ ఊరిని మర్చిపోయారు. పై నుంచి నిధులు చాలని ఊళ్లు, పన్ను పెంచే ధైర్యం లేని ఊళ్లు ఏం చేస్తాయంటే పోలీసుల్నీ కోర్టునీ రాబడి శాఖలుగా మార్చేస్తాయి. 2015లో అమెరికా న్యాయశాఖ నివేదికలో ఇదే తేలింది, ఆ ఊరి ఆదాయంలో రెండో పెద్ద వాటా జరిమానాలూ కోర్టు ఫీజులదే. పార్కింగ్ జరిమానా కట్టలేదని వారంటు, వారంటుతో అరెస్టు, దాని మీద ఇంకో ఫీజు. నేరం తగ్గితే బడ్జెట్‌కి బొక్క పడే ఏర్పాటు అది.

వాయిదా_వీరుడు:
ఇంగ్లండ్, అమెరికా అంటూ ప్రపంచయాత్ర చేయిస్తున్నారు. వాళ్లది ఉన్నది తగ్గించిన కథ. అసలు ఎప్పుడూ చాలినంత ఇవ్వని దేశాల మాటేమిటి? మన దగ్గర జైళ్లలో ఉన్నవాళ్లలో నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలే, 2022 లెక్కల్లో అదే ఉంది. దాన్ని కోత అందామా, పుట్టు పేదరికం అందామా?

నల్లకోటు:
ఏ పేరు పెట్టినా లోపలున్నవాడికి ఒకటే. ఆ మాటకొస్తే దీని మీద మన సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1979 హుస్సేనారా ఖాతూన్ కేసు, బీహార్ జైళ్లలో తాము చేశారంటున్న నేరానికి పడే శిక్ష కన్నా ఎక్కువకాలం విచారణ లేకుండా పడి ఉన్నవాళ్లు. డబ్బు లేదు, సిబ్బంది లేరు అన్న సాకుతో సత్వర విచారణ బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పించుకోలేదని కోర్టు స్పష్టంగా అంది. ఆ తీర్పు ప్రతి లా కాలేజీలోనూ చెప్తారు, బడ్జెట్ రాసేవాళ్లకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

సగటు_పన్నుదారు:
అన్నీ చదివాను. అయినా ఒప్పుకోను. మీరు చెప్పినవి చాలావరకు అడ్డదిడ్డంగా పెట్టిన కోతలు. కంప్యూటర్లు పెట్టి, రిమాండ్ పొడిగింపులు వీడియోలో చేసి, ఖైదీని వ్యానులో తిప్పే ఖర్చు తగ్గిస్తే అది కోత కాదా?

రాత్రిపక్షి:
ముందు పెట్టుబడి, తర్వాత మిగులు. 2016లో మొదలైన ఇంగ్లండ్ కోర్టుల ఆధునికీకరణకి వంద కోట్ల పౌండ్లకు పైగా కేటాయించారు, గడువు ఎన్నిసార్లు పొడిగించారో. అది కోత ఎలా అవుతుంది? పైగా వీడియోలో ముద్దాయి తన లాయరుతో చెవిలో ఒక మాట చెప్పుకోవాలంటే కష్టమే. రిమాండ్ పొడిగింపుకి సరే, సాక్షి విచారణకి నేనైతే ఒప్పుకోను.

సగటు_పన్నుదారు:
సరే, సూటిగా అడుగుతా. తప్పదు, పది శాతం తగ్గించాల్సిందే అన్నారనుకోండి. మీరే ఆ కుర్చీలో ఉన్నారు. దేన్ని కోస్తారు?

నల్లకోటు:
లోపలికొచ్చే కేసుల్ని. జరిమానా కట్టలేనివాళ్లని జైలుకి పంపడం ఆపేస్తా, కొన్ని రోజులు జైల్లో ఉంచడానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఆ జరిమానా ఎంత? చిన్న నేరాల్లో రిమాండ్ తగ్గిస్తా. నెలా రెండు నెలల శిక్షల బదులు సమాజ సేవ వేయిస్తా. వాటివల్ల జైలు పద్దు తగ్గితే అది కోత కింద రాసుకోండి. కోర్టు గుమాస్తాలు, ల్యాబు సిబ్బంది, లీగల్ ఎయిడ్ ఈ మూడింటినీ ముట్టుకోను.

వాయిదా_వీరుడు:
బాగానే ఉంది, కానీ "దొంగతనం చేసినా జైలు లేదు" అని హెడ్‌లైన్ వచ్చాక ఏ మంత్రి నిలబడతాడు?

నల్లకోటు:
నిలబడడు. అందుకే ప్రతిసారీ లీగల్ ఎయిడ్ ఫైలే ముందు టేబుల్ మీదకి వస్తుంది. ముద్దాయిల తరఫున ధర్నా చేసేవాళ్లు ఉండరు కదా.

సగటు_పన్నుదారు:
అయితే మీ "చిన్న నేరాలు" ఏవో పేరుపేరునా రాయండి నల్లకోటు గారూ. చిల్లర దొంగతనం అందులో ఉంటే మాత్రం దుకాణాలవాళ్ల తరఫున నేనే వాదిస్తా.