రెండేళ్ల పాపను సింగపూర్ తీసుకెళ్లాలా, అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లాలా?

బుజ్జి వాళ్ళమ్మ, హైదరాబాద్

మా మామయ్యగారి షష్టిపూర్తి సందర్భంగా దసరా సెలవుల్లో అందరం సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం. అత్తయ్య, మామయ్య, మా వదిన, అన్నయ్యగారు, వాళ్ల పిల్లలిద్దరు, మా ఆయన, నేను, మా పాప. మొత్తం తొమ్మిది మందిమి. అక్టోబరు 14న వెళ్లి 19న తిరిగి రావాలి. పాపకు 17న రెండేళ్లు నిండుతాయి.

వదిన నిన్న ఫోన్ చేసి, "పాపను మీ అమ్మగారి దగ్గర వదిలెయ్. నువ్వూ హాయిగా తిరుగుతావు, పెద్దవాళ్లకీ ఇబ్బంది ఉండదు" అంది. రాజమండ్రిలో మా అమ్మ చూసుకుంటానంటోంది. కానీ నేను ఇంతవరకు పాపను వదిలి ఒక్క రాత్రి కూడా ఉండలేదు. పైగా అది తన పుట్టినరోజు. తీసుకెళ్తానంటే నా ఒక్కదాని కోసం అందరినీ కష్టపెట్టినట్టవుతుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

గోదావరి పిన్ని

వదిలి వెళ్లండి. మా బాబుకు ఇరవై నెలలప్పుడు పన్నెండు మందిమి మలేషియా వెళ్లాం. బటు గుహల దగ్గర 272 మెట్లు. ఎండలో వాడిని చంకనేసుకుని సగం ఎక్కాను, వాడు ఏడుస్తుంటే మళ్లీ దిగిపోయాను. మిగతావాళ్లు దర్శనం చేసుకుని వచ్చేదాకా కింద పావురాల మధ్య కూర్చున్నాను. సాయంత్రం "నీ వల్లే ఆలస్యమైంది" అన్న మాట పడ్డాను. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. బాబుకు మాత్రం ఒక్కటీ గుర్తులేదు. మీ అమ్మగారు చూసుకుంటానన్నప్పుడు అంతకన్నా ఏం కావాలి?

కూకట్‌పల్లి నాన్న

పిన్నిగారూ, గుర్తుండదన్న కారణం నేను ఒప్పుకోను. అన్నప్రాసన మాత్రం ఏ పిల్లలకు గుర్తుంటుంది? అయినా చేస్తాం కదా. పాపకు గుర్తుండకపోయినా తాతయ్యకు గుర్తుంటుంది. షష్టిపూర్తి ఫొటోల్లో మనవరాలు లేకపోతే ఆ లోటు ఆయనకు ఎప్పటికీ ఉంటుంది.

అసలు ఇబ్బంది పాపతో కాదు, పెద్దవాళ్లు వేసే ప్రోగ్రాంతో. సింగపూర్ టైం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. పొద్దున ఎనిమిదికి బస్సెక్కాలంటే పాపకు అది ఐదున్నర. నిద్రలో లేపి తీసుకెళ్తే రోజంతా ఏడుపే. అదే సాయంత్రం చూడండి. గార్డెన్స్ బై ది బేలో 7:45కి దీపాల ప్రదర్శన మొదలవుతుంది. పాప లెక్కలో అది ఐదుంపావు, అంటే మంచి హుషారుగా ఆడుకునే టైం. మేం మా అబ్బాయి టైమును ఇక్కడిలాగే ఉంచేశాం. పొద్దున తొమ్మిదిన్నర దాకా పడుకునేవాడు, రాత్రి పదకొండు దాకా మాతోనే తిరిగేవాడు. ఉదయం మాత్రం మా అన్నయ్య వాళ్లు వాళ్ల దారిన వెళ్లేవారు, మధ్యాహ్నం భోజనానికి లిటిల్ ఇండియాలో కలిసేవాళ్లం. తొమ్మిది మందీ పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే గుంపుగా తిరగాలన్న పట్టుదల వదిలేస్తే సగం టెన్షన్ పోతుంది.

పాత టికెట్ల మనిషి

నేను పదకొండేళ్లు ట్రావెల్ ఆఫీసులో పనిచేశాను. తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ మీరు రాసిన తేదీలు చూసి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రెండేళ్ల లోపు పిల్లలకు ఒడి టికెట్, సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతు ఉంటుంది. మీ పాపకు 17న రెండేళ్లు నిండితే 19న వచ్చేటప్పుడు ఆ టికెట్ చెల్లదు, సీటు కొనాలి. సెలవులు ఇంకా ఉంటే నాలుగు రోజులు ముందుకు జరపండి. లేదా రెండు వైపులా సీటు తీసుకోండి. రాత్రి విమానంలో నాలుగు గంటల పైన ఒడిలో పడుకోబెట్టుకోవడం చిన్న పని కాదు, విమానంలో ఇచ్చే ఊయల ఈ వయసు పిల్లలకు సరిపోదు.

అక్కడ యాప్‌లో బుక్ చేసే కార్లలో 1.35 మీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. మామూలు టాక్సీలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మెట్రో రైల్లో 0.9 మీటర్ల లోపు పిల్లలకు పెద్దలతో వెళ్తే టికెట్ అక్కర్లేదు, స్టేషన్లలో లిఫ్టులుంటాయి, స్ట్రోలర్‌తో హాయిగా వెళ్లొచ్చు.

ఇంకొకటి. అత్తయ్యగారి సామానులో గసగసాలు, మామయ్యగారి జేబులో జర్దా, ఖైనీ లేకుండా చూసుకోండి. అక్కడ గసగసాలు, నమిలే పొగాకు రెండూ నిషేధం.

గుంటూరు అమ్మమ్మ

అందరూ పాప గురించి, ఖర్చు గురించి రాస్తున్నారు. నేను వేరే మాట చెప్తాను. పోయినేడు మా అమ్మాయి, అల్లుడు, వియ్యాలవారితో కలిసి నేను కూడా విదేశం వెళ్లాను. మనవడికి ఏడాదిన్నర. మూడు రోజులు వరసగా "అమ్మా, వాడు పడుకున్నాడు, నువ్వు కాసేపు రూంలో ఉంటావా" అన్నారు. ఉన్నాను. వాడంటే నాకు ప్రాణం, వాడిని చూసుకోవడం నాకు కష్టం కాదు. కానీ అరవై రెండేళ్లకు మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్నదాన్ని, ఆ ఊరిని హోటల్ కిటికీలోంచి చూశాను. ఎవరూ కావాలని చెయ్యలేదు. ఎవరూ ఆలోచించలేదు, అంతే.

కాబట్టి అమ్మాయ్, పాపను తీసుకెళ్లు. కానీ వెళ్లే ముందే మీ ఆయనతో కూర్చుని ఏ పూట ఎవరు పాప దగ్గర ఉంటారో రాసుకోండి. అందులో మీ ఆయన పూటలు కూడా ఉండాలి. మీ అత్తయ్యగారికి తనంతట తాను అడిగితే తప్ప ఒక్క పూట కూడా వేయకు. ఇది ఆవిడ భర్త షష్టిపూర్తి.

గోదావరి పిన్ని

అమ్మమ్మగారూ, మీ పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ రోజు బటు దగ్గర నాతో పాటు కింద కూర్చున్నది మా అమ్మే. తను కూడా పైకి వెళ్లలేదని ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నా సలహా మాత్రం మార్చుకోను. మగవాళ్లు పూటలు పంచుకుంటామని ఇక్కడ ఒప్పుకున్నంత తేలిక కాదు, అక్కడికెళ్లాక ఆ పూట తీసుకోవడం. బుజ్జి వాళ్ళమ్మగారూ, మీ ఆయన ఇంట్లో పాపకు అన్నం పెట్టి నిద్రపుచ్చగలరా? ఇంట్లో అలవాటు లేనిది హోటల్లో రాదు.

బుజ్జి వాళ్ళమ్మ, హైదరాబాద్

అందరికీ థాంక్స్. తేదీల సంగతి నాకు అస్సలు తెలియదు. వదిన వాళ్ల పిల్లల స్కూలుకు 10 నుంచే సెలవులట, 10న వెళ్లి 15న వచ్చేలా టికెట్లు చూస్తున్నాం. పుట్టినరోజు ఇంట్లోనే చేస్తాం, మా అమ్మను కూడా రమ్మంటాను.

పిన్నిగారూ, మీ ప్రశ్న మా ఆయనకు చదివి వినిపించాను. అన్నం పెడతారు గానీ నిద్రపుచ్చడం ఇంతవరకు చెయ్యలేదు. నిన్న రాత్రి మొదలుపెట్టారు. గంటన్నర పట్టింది, మధ్యలో పాప రెండుసార్లు నా కోసం వచ్చింది. నేను వంటింట్లోనే ఉండిపోయాను. ఈ రాత్రి కూడా ఆయనే.

వదినతో ఆదివారం మాట్లాడతాను. ఉదయాలు వాళ్లు వేరుగా వెళ్లడం గురించి ఎలా చెప్తే బాధపడదో ఇంకా ఆలోచిస్తున్నాను. ఇలాంటి మాట ఆడపడుచుతో మాట్లాడినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా మొదలుపెట్టారో చెప్పండి.