అమెరికా ఫెలోషిప్‌కి అక్కడి ప్రొఫెసర్ లెటర్ ముందే ఉండాలా?

గుంటూరు హిస్టరీ లెక్చరర్:
నమస్కారమండీ. ఇక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెబుతున్నాను. సర్వీసు పదేళ్లకి దగ్గరపడింది, అమరావతి స్తూపం శిల్పాల మీద పీహెచ్‌డీ కిందటేడు చేతికొచ్చింది. అమెరికా వెళ్లడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌కి అప్లై చేద్దామని చూస్తే పోస్ట్‌డాక్టొరల్ అని ఒకటి, అకడమిక్ అండ్ ప్రొఫెషనల్ ఎక్సలెన్స్ అని ఇంకొకటి ఉన్నాయి, నాకేది సరిపోతుందో తేలట్లేదు. అక్కడి యూనివర్సిటీ నుంచి ఆహ్వానం లేకపోతే మన అప్లికేషన్ పక్కన పడేస్తారా? కొంతమంది ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. మా బావమరిదేమో డాలస్ నుంచి ఫోన్ చేసి ‘ముందు ఎలాగోలా వచ్చేయండి బావగారూ, తర్వాత హెచ్‌1 చూసుకోవచ్చు’ అంటున్నాడు.

పటమట:
మీకు రెండూ వర్తిస్తాయి, అదే తిరకాసు. పోస్ట్‌డాక్‌కి పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్లు దాటకూడదు, 8 నుంచి 24 నెలలు ఇస్తారు, ప్రధానంగా రీసెర్చే. రెండోదానికి పీహెచ్‌డీతోపాటు ఐదేళ్ల అనుభవం అడుగుతారు, 4 నుంచి 9 నెలలు, అందులో పాఠాలు చెప్పుకోవచ్చు, రీసెర్చ్ చేసుకోవచ్చు, రెండూ కలిపైనా చేయొచ్చు. ఒక ఏడాదిలో ఏదో ఒకదానికే అప్లై చేయాలి. ఏడాది దాటి సెలవిచ్చే ప్రైవేటు మేనేజ్‌మెంట్‌ని నేనైతే చూడలేదు కాబట్టి రెండోదే నయం. ఆహ్వానం లెటర్ ఉంటే అప్లికేషన్‌కి బలం, దాని కోసం ఇప్పట్నుంచే తిరగండి.

మీ బావమరిది మాట మాత్రం వినకండి. ఫుల్‌బ్రైట్ మీద వెళ్తే జే-1 వీసా, దానికి రెండేళ్ల రూల్ ఉంటుంది. తిరిగొచ్చి మొత్తం రెండేళ్లు ఇండియాలో ఉంటే తప్ప హెచ్‌1 గానీ గ్రీన్ కార్డు గానీ రాదు. మినహాయింపు అనేది కాగితం మీద ఉంది, ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లకి అది దొరకడం చాలా కష్టం.

బ్రాడీపేట మాస్టారు:
మాస్టారూ, మెయిల్‌లో ఏం రాశారో ముందు చెప్పండి. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ’ అని మొదలెట్టి, వెనకాల పన్నెండు పేజీల బయోడేటా తగిలించి ఉంటే ఎవరూ చదవరు. ఆ ప్రొఫెసర్ రాసిన ఏదో ఒక వ్యాసం చదివి, అందులో ఫలానా శిల్పం గురించి మీరన్నది ఇదీ, నా దగ్గర ఫలానా ఆధారం ఉంది, అక్కడికొచ్చి నాలుగు నెలల్లో ఈ పని చేస్తాను అని ఐదారు లైన్లు రాయండి. రెండు వారాలాగి ఒకసారి గుర్తు చేయండి, అంతకుమించి వెంటపడొద్దు.

అసలు నా డౌటు వేరే. అమరావతి మీద పనికి అమెరికా ఎందుకండీ? 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి రాళ్లు మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంతకుముందు బ్రిటిష్ సర్వేయర్ మెకంజీ ఆ శిల్పాలకి వేయించిన బొమ్మల ఆల్బమ్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. సెలక్షన్‌లో కూర్చున్నవాళ్లు మొదట అడిగేది ఇదే. బ్రిటన్‌లో చిన్న రీసెర్చ్ పర్యటనలకి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ గ్రాంట్లు ఇస్తుంది, హ్యుమానిటీస్ వాళ్లకే ఎక్కువగా. అదీ చూడండి.

గుంటూరు హిస్టరీ లెక్చరర్:
మెయిల్ గురించి మీరు పక్కన కూర్చుని చూసినట్టే చెప్పారు 😄 లండన్ సంగతి నిజమే గానీ, నాకు కావాల్సింది రాళ్లొక్కటే కాదండీ. ఆంధ్ర బౌద్ధ శిల్పాన్ని అమెరికాలో ఎలా పాఠంగా చెబుతున్నారో చూసి, ఒక సెమిస్టర్ నేనూ చెప్పాలని. మన పిల్లలకి అమరావతి అంటే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అంతే.

పటమట:
అయితే ఇప్పుడిక్కడ రాసిన ఈ ముక్కే అప్లికేషన్‌లో పెట్టండి, కోర్సులో వారం వారం ఏం చెబుతారో సిలబస్‌తో సహా. అప్పుడు ‘అమెరికా ఎందుకు’ అనే ప్రశ్నకి జవాబు అందులోనే ఉంటుంది.

కృష్ణలంక:
సెలవు సంగతి ఎవరూ గట్టిగా చెప్పట్లేదు. మా కాలేజీలో ఒక మేడమ్‌కి సెలక్షన్ వచ్చాక కరస్పాండెంట్ గారు రిజైన్ చేసి వెళ్లమన్నారు. ఆవిడ రిజైన్ చేసే వెళ్లింది, తిరిగొచ్చాక వేరే కాలేజీలో చేరింది. మీరు అప్లై చేయకముందే ఎన్‌ఓసీ అడగండి, జీతం లేని సెలవైనా సరే, ఉద్యోగం ఉంటుందని కాగితం మీద రాయించుకోండి. ఇక లాస్ట్ డేట్, ఎంప్లాయర్ నుంచి ఏ కాగితం కావాలి లాంటివి ఏటా ఈ ఫెలోషిప్‌ని ఇక్కడ నడిపే యూఎస్‌ఐఈఎఫ్ సంస్థ సైట్‌లోనే చూసుకోండి, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లు పాతవి. వాళ్లకి హైదరాబాద్‌లో ఆఫీసు కూడా ఉంది, డౌటుంటే అక్కడే అడగొచ్చు.