మిథిలలో ఇంటికొచ్చినవాళ్లకి పాన్ ఇవ్వడం ఆపాలా?

దర్భంగా కోడలు:
మాది గుంటూరు, అత్తవారిది బీహార్‌లో, మిథిల ప్రాంతంలోని దర్భంగా దగ్గర పల్లె. ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ కోజాగరా పండగ చేస్తారు. కొత్త పెళ్లికొడుకు ఇంటికి అమ్మాయి పుట్టింటి నుంచి మఖానా (చెరువుల్లో పండే గింజల పేలాలు), పాన్, బట్టలు వస్తాయి. ఊళ్లోవాళ్లని పిలిచి పంచుతారు. ఈ ఏడాది మా మరిదిది. మామూలు రోజుల్లో కూడా పాన్ పెట్టకుండా ఎవర్నీ గడప దాటనివ్వరు మా అత్తగారు. సుపారీని, అంటే వక్కని, సన్నగా, పొరలు పొరలుగా కత్తిరిస్తారు. నేను వక్క వద్దంటున్నాను. ఆవిడ "పాన్ పెట్టనిది ఇల్లేనా?" అంటున్నారు. మా ఆయన పరిస్థితి అచ్చంగా అడకత్తెరలో పోకచెక్క. మీరేమంటారు?

పళ్ల డాక్టరు:
మీరే కరెక్ట్. పొగాకు లేకపోతే ఫరవాలేదనేది పాత మాట. పొగాకు కలపని కిళ్లీ, ఉత్త వక్క కూడా క్యాన్సర్ తెస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. వక్క నమిలి నమిలి, రెండు వేళ్లు కూడా పట్టనంతగా నోరు బిగుసుకుపోయినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు.

రిటైర్డ్ రైల్వే:
డాక్టరుగారూ, గుట్కా పాపం పాన్ మీద వెయ్యకండి. నేను గయలో పదేళ్లు పనిచేశాను. అక్కడి మగహీ ఆకు, అంటే మగధ తమలపాకు, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, పిప్పి మిగలదు. గయ, నవాదా, ఔరంగాబాద్, నలందా జిల్లాల్లో తమలపాకు పండించే చౌరసియా కులంవాళ్లు బరేజాల్లో, అంటే వెదురూ గడ్డీ కప్పిన పందిళ్ల కింద, పసిబిడ్డని సాకినట్టు పెంచుతారు. చలి ముదిరితే తోట మాడిపోతుంది. 2018లో దానికి ఆ ప్రాంతపు ప్రత్యేక పంటగా జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అందరూ మానేస్తే వాళ్లేం కావాలి? మైథిలులు తమ నేల గురించి చెప్పేటప్పుడు చెరువు, చేప, మఖానాతో పాటు నవ్వే నోట్లో పాన్‌ని కూడా లెక్కేస్తారు.

పళ్ల డాక్టరు:
ఆకుని నేనేమన్నాను సార్? నా గొడవంతా వక్కతోనే. అది ఎక్కువగా పండేది కర్ణాటకలో, మీ మగధలో కాదు. సోంపు, యాలకులు, గుల్కందు పెట్టి చుట్టండి. చౌరసియాలకీ నష్టం లేదు.

రిటైర్డ్ రైల్వే:
వక్క లేనిదాన్ని పాన్ అంటే గయలో నవ్వుతారు.

దర్భంగా కోడలు:
కోజాగరా అయిపోయింది. గుల్కందు పాన్‌కి అత్తగారు ఒప్పుకున్నారు, కానీ సుపారీని విడిగా వెండి పళ్లెంలో పెట్టించారు. కుర్రాళ్లు గుల్కందు మీద పడ్డారు. ఒక పెద్దాయన మాత్రం మడత విప్పి చూసి, మళ్లీ మూసి, మాట్లాడకుండా వెండి పళ్లెం వైపు జరిగారు. అత్తగారు నా వంక చూశారు.