కొత్తగా లైనక్స్ నేర్చుకునేవాళ్లకు ఫైళ్లు తీసేసే ఆర్‌ఎం కమాండుకి హైఫన్ ఐ తగిలించి ఇవ్వాలా, వద్దా?

బురుజు_ల్యాబ్ (కర్నూలు)
మా కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు లైనక్స్ ల్యాబ్ మొదలైంది. ఎల్‌ఎస్, సీడీ, ఎంకేడీఐఆర్ కమాండ్ల వరకు బాగానే వచ్చారు, రేపటి నుంచి ఆర్‌ఎం. అందరూ విండోస్ చూసి వచ్చినవాళ్లే, డిలీట్ కొట్టినా రీసైకిల్ బిన్‌లో ఉంటుందిలే అనే ధీమా వాళ్లది. ఇక్కడ ఆర్‌ఎం కొడితే పోయినట్టే, బిన్ లేదు గిన్ లేదు. అందుకే అందరి బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైలు) ఆర్‌ఎం అంటే ‘ఆర్‌ఎం హైఫన్ ఐ’ అని ఎలియాస్, అంటే మారుపేరు, పెట్టేద్దామనుకుంటున్నా, ప్రతి ఫైలుకీ తీసేయాలా అని అడుగుతుంది. తోటి లెక్చరర్ మాత్రం వద్దే వద్దంటున్నారు. మీరేమంటారు?

సర్వర్‌రూమ్_అనంత (అనంతపురం)
వద్దు సార్. ఐదు ఫైళ్లకు ఐదుసార్లు అడిగితే ఆరోదానికి చదవడం మానేసి వై, ఎంటర్, వై, ఎంటర్ అని కొట్టుకుంటూ పోతారు. విసుగొచ్చినవాడు అడగకుండా తీసేసే హైఫన్ ఎఫ్ పట్టుకుంటాడు, అది వచ్చాక ఐ ఉన్నా లేనట్టే. పైగా అడ్మిన్ అధికారంతో నడపడానికి ముందు సుడో తగిలించి సుడో ఆర్‌ఎం అని కొట్టినప్పుడు మీ ఎలియాస్ పనిచేయదు, షెల్ (మనం కొట్టిన కమాండు చదివి నడిపేది) ఎలియాస్ కోసం చూసేది కమాండులో మొదటి మాటనే కదా. కమాండ్లు ఫైల్లో రాసి నడిపే స్క్రిప్టులోనూ అది ఉండదు. అంటే ప్రమాదం ఎక్కడ ఎక్కువో సరిగ్గా అక్కడే మీ కాపలా లేదు. రేపు ఉద్యోగంలో ఈ ఎలియాస్ లేని ఏ ఉబుంటు సర్వర్ మీదో ‘అడుగుతుందిలే’ అనుకుని కొడితే?

బురుజు_ల్యాబ్
లైనక్స్ అందించే రెడ్ హ్యాట్ కంపెనీ వాళ్లు సర్వాధికారాలున్న రూట్ యూజర్‌కి ఇదే ఎలియాస్ ఏళ్ల తరబడి పెట్టి ఇచ్చారు కదన్నా, వాళ్లకు తెలియకనా?

సీమ_పెంగ్విన్ (కడప)
ఇద్దరూ ఆర్‌ఎం మీద పడ్డారు గానీ అసలు దొంగ ‘ఏ పేరైనా సరే’ అని చెప్పే స్టార్ గుర్తు. ఆ స్టార్‌ని ఆర్‌ఎం చూడనే చూడదు, పిల్లలకు అర్థం కానిది ఇదే. ఫోల్డర్లో పత్తి.టీఎక్స్‌టీ, శనగ.టీఎక్స్‌టీ, మార్కులు.సీ ఉన్నాయనుకోండి. ‘ఆర్‌ఎం స్టార్.టీఎక్స్‌టీ’ అంటే షెల్ ముందే దాన్ని రెండు ఫైళ్ల పేర్లుగా విప్పి ఆర్‌ఎం చేతికిస్తుంది. స్టార్ తర్వాత పొరపాటున స్పేస్ పడిందా, స్టార్ ఒక మాట, .టీఎక్స్‌టీ ఇంకో మాట. మొదటిదానికి మూడు ఫైళ్లూ పోతాయి, రెండోదానికి అలాంటి ఫైలు లేదని ఎర్రర్ వస్తుంది, పిల్లాడు ఆ ఎర్రర్ చూసి ఏమీ జరగలేదనుకుంటాడు! ఇది చూపించకుండా ఎలియాస్ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? ముందు, ఇచ్చినదాన్ని తెరమీద చూపించడమే తప్ప ఏమీ చేయని ఎకోతో ‘ఎకో స్టార్.టీఎక్స్‌టీ’ కొట్టించండి, ఏయే పేర్లు వస్తాయో కళ్లారా చూస్తారు. తర్వాత పై బాణం నొక్కి, ఎకో చెరిపి, అక్కడ ఆర్‌ఎం రాయమనండి.

సర్వర్‌రూమ్_అనంత
ఇది ఒప్పుకుంటా. మరి ఫైలు జరిపే ఎంవీ, కాపీ చేసే సీపీ సంగతేంటి? అదే పేరుతో ఫైలు ముందే ఉంటే నోరెత్తకుండా దాని మీదే రాసేస్తాయి. ఆర్‌ఎం అంటే కాస్త భయమన్నా ఉంటుంది, ఎంవీ అంటే పేరు మార్చడమేగా అనుకుంటారు. ఆ రెండింటికీ హైఫన్ ఐ పెడతామంటే మొదటి ఓటు నాదే.

బురుజు_ల్యాబ్
సరే, రేపు ఎకోతోనే మొదలుపెడతా, ఎంవీ, సీపీలకు ఐ పెడతా. ఆర్‌ఎం ఎలియాస్ మాత్రం పూర్తిగా తీయను, చిన్న ఐ బదులు క్యాపిటల్ ఐ. మూడుకు మించి ఫైళ్లు ఉంటేనో, హైఫన్ ఆర్‌తో ఫోల్డరుకు ఫోల్డరే తీస్తుంటేనో ఒక్కసారి అడిగి ఊరుకుంటుంది, పిల్లలకు విసుగు రాదు.

సర్వర్‌రూమ్_అనంత
మరి సుడోకి?

బురుజు_ల్యాబ్
ఫస్టియర్ పిల్లలకు సుడో ఇచ్చేదెవరు సామీ!