మిషిగన్ ప్రైమరీ సర్వేలను ఎంతవరకు నమ్మొచ్చు?

అందరికీ నమస్కారం. మేం మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో ఉంటాం. అమ్మానాన్నలకు పౌరసత్వం వచ్చింది, ఆగస్టులో జరిగే రాష్ట్ర ప్రైమరీలో, అంటే పార్టీల అభ్యర్థులను ఓటర్లు ఎంచుకునే ఎన్నికలో, మొదటిసారి ఓటేయబోతున్నారు. ఈ సర్వేల సంగతి తెలిసినవాళ్లు కాస్త వివరిస్తారా?

ఇక్కడ ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు చెప్పక్కర్లేదు. ఆగస్టు బ్యాలెట్‌లో ఏదో ఒక పార్టీ వరుసలోనే ఓటేయాలి, రెండిట్లోనూ గుర్తు పెడితే ఆ భాగం చెల్లదు. మరి ఫలానా పార్టీ వైపు ఎవరు వస్తారో సర్వేవాళ్లు ముందే ఎలా తేలుస్తారు? పాత ఓటింగ్ రికార్డు చూస్తారంటారు. అలాగైతే అమ్మలాంటి కొత్త ఓటర్లు లెక్కలోకే రారేమో.

2016 మార్చిలో అధ్యక్ష అభ్యర్థి కోసం జరిగిన ఇక్కడి డెమొక్రాటిక్ ప్రైమరీకి ముందు సర్వేల్లో హిల్లరీ క్లింటన్ బాగా ముందున్నారు, కొన్నిట్లో 20 పాయింట్లకు పైగా. గెలిచింది బెర్నీ శాండర్స్. 400 మందిని అడిగితే సుమారు 5 పాయింట్లు అటూఇటూ అవ్వొచ్చు, కానీ ఇంత తేడా ఎలా వచ్చింది?

ఇంకోటి. మొన్న నాన్నకు సర్వే అని ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టారు కాబట్టి నేనూ విన్నాను. "ఈ అభ్యర్థి మీ పన్నులు పెంచారని తెలిస్తే ఓటేస్తారా?" అంటూ ఒకే మనిషి మీద వరసగా ప్రశ్నలు. వయసు, ఊరు అడగనే లేదు. నాన్న అదంతా నిజమనుకుని ఇంకా టెన్షన్ పడుతున్నారు, నాకైతే చాలా కోపం వచ్చింది. ఇది సర్వేనా, సర్వే పేరుతో ప్రచారమా? ఎవరు చేయిస్తున్నారో అడిగితే చెప్పాలా? ఇలాంటివి పెద్దవాళ్లు ఎలా గుర్తుపట్టాలో దయచేసి చెప్పండి.